మాస్టారి ఇంట్లో మూడొందల డిస్కులు: రిప్ చేసిన డీవీడీలను మీడియా సర్వర్‌కు సిద్ధం చేసిన తీరు

తెనాలిలో రిటైరైన ఒక లెక్చరర్‌గారి ఇంట్లో చేసిన పని ఇది. డీవీడీలు, వీసీడీలు కలిపి మూడొందల పైచిలుకు. సగానికి పైగా సినిమాలు: కొన్ని ఇక్కడ కొన్నవి, కొన్ని అమ్మాయి అమెరికా నుంచి వస్తూ తెచ్చినవి. మిగతావి పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, పిల్లల స్కూలు వార్షికోత్సవాలు. డీవీడీ ప్లేయర్ మూలపడ్డాక మేనల్లుడు సెలవులకు వచ్చి డిస్కులన్నిటినీ ఓపిగ్గా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి దించి పెట్టాడు. తర్వాత తెలిసినవాళ్లెవరో ఒక కన్వర్టర్ సాఫ్ట్‌వేర్‌తో మొత్తాన్నీ 1080పీ ఎంపీ4 ఫైళ్లుగా మార్చారు.

నన్ను పిలిచింది మీడియా సర్వర్ పెట్టడానికి, అంటే వీడియోలన్నీ ఒకచోట ఉంచి టీవీలకు, ఫోన్లకు పంపే కంప్యూటర్ పెట్టడానికి. వెళ్లి ఆ ఎంపీ4లు చూస్తే మనుషులు లావుగా ఉన్నారు, ఎవరు కదిలినా ఒంటి చుట్టూ గీతలు పడుతున్నాయి, సినిమా అరగంటకోసారి ఆగిపోయి తర్వాతి ఫైలు వెతుక్కోవాల్సి వస్తోంది. "బాబూ, ప్లేయర్లో బాగానే ఉండేవి. కంప్యూటర్లోకి ఎక్కాక పాడయ్యాయి. టీవీ మార్చాలా?" అన్నారు మాస్టారు. టీవీలో ఏ లోపమూ లేదు.

డీవీడీలను సర్వర్‌కు ఎక్కించాలనుకునే వాళ్లందరూ ముందుగా అడిగేది ఏ ఫార్మాట్‌లోకి మార్చాలని. అంతకన్నా ముందు తేలాల్సింది డిస్కులో అసలు ఏముందన్నది. డీవీడీ అనే ఒక్క పేరు కింద నాలుగైదు రకాల వీడియో ఉంటుంది. ఒకదానికి సరిపడే సెట్టింగు ఇంకోదాన్ని చెడగొడుతుంది. ఈ ఇంట్లో ఆ రకాలన్నీ ఒకేచోట దొరికాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఎంపీ4లు ఎక్కడ చెడ్డాయి

డీవీడీలో సినిమా ఒకే ఫైలుగా ఉండదు. వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌లో, ఒక్కోటి 1 జీబీ దాటకుండా, వీఓబీ ముక్కలుగా ఉంటుంది. ఏ ముక్క తర్వాత ఏది రావాలి, చాప్టర్లు ఎక్కడ మొదలవుతాయి అన్న సమాచారం పక్కనే ఉండే ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటుంది. ఆ కన్వర్టర్ ఐఎఫ్ఓల జోలికి పోకుండా ఒక్కో వీఓబీని ఒక్కో ఎంపీ4గా చేసింది. అందుకే పాట మధ్యలో సినిమా తెగింది.

మనుషులు లావెక్కడానికి కారణం పిక్సెల్. పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) డీవీడీలో ఫ్రేమ్ 720×576, ఎన్‌టీఎస్‌సీలో (అమెరికా పద్ధతి) 720×480. కానీ ఆ పిక్సెళ్లు చదరంగా ఉండవు. పాల్ 4:3 బొమ్మ తెరమీద 768×576గా కనిపించాలి, 16:9 అయితే 1024×576గా. ఈ నిష్పత్తి ఫైల్లో ఒక గుర్తుగా మాత్రమే రాసి ఉంటుంది. ఆ గుర్తును పట్టించుకోకుండా అన్నిటినీ 1920×1080కి సాగదీస్తే 4:3 పెళ్లి వీడియోలో పెళ్లికూతురి ముఖం గుమ్మడికాయలా తయారవుతుంది.

గీతల సంగతి అంతకంటే పెద్దది. ఇంటర్లేస్డ్ వీడియోలో ఒక ఫ్రేమ్ అంటే రెండు వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు ఫీల్డులు: ఒకటి సరి గీతల్లో, ఇంకోటి బేసి గీతల్లో. వాటిని విడదీయకుండానే 1080కి పెంచితే రెండు క్షణాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత ఏ ఫిల్టరూ వాటిని మళ్లీ విడదీయలేదు. రంగులు కూడా పక్కకు జరిగాయి. డీవీడీ రంగులు బీటీ.601 అనే పాత టీవీల లెక్కలో ఉంటాయి. ఫైలు మీద ఆ గుర్తు లేకపోతే హెచ్‌డీ సైజు వీడియోను చాలా ప్లేయర్లు హెచ్‌డీకి వాడే బీటీ.709 లెక్క అనుకుని చూపిస్తాయి. ఎరుపు, పచ్చ ఛాయలు మారతాయి. పసుపు బట్టలు, కుంకుమ నిండిన పెళ్లి వీడియోలో ఆ తేడా వెంటనే పట్టిచ్చేస్తుంది. డీవీడీని 1080కి పెంచి దాచుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. పెంచే పని చూసే సమయంలో టీవీ చేసుకుంటుంది, బాగానే చేస్తుంది.

అదృష్టం ఏమిటంటే మేనల్లుడు దించిన వీడియో_టీఎస్ ఫోల్డర్లు చెరిపేయలేదు. ఎంపీ4లన్నీ పక్కన పడేసి అక్కడి నుంచి మొదలుపెట్టాం.

చోటు కోసం కుదించాల్సిన రోజులు పోయాయి

సింగిల్ లేయర్ డీవీడీ నిండా ఉంటే 4.7 జీబీ, డ్యూయల్ లేయర్ అయితే 8.5 జీబీ. 4 టీబీ డిస్కు ఒక్కదానిలో నిండుగా ఉన్న సింగిల్ లేయర్ డీవీడీలు ఎనిమిది వందలకు పైగా పడతాయి. 700 ఎంబీ సీడీలో పట్టాలని సినిమాను పిండిన అలవాటు ఇంకా చాలామంది చేతుల్లో ఉంది. ఇప్పుడు దానికి కారణం లేదు. కాబట్టి నా మొదటి ఎంపిక ఎప్పుడూ రీమక్స్: వీడియో, ఆడియోలను ముట్టుకోకుండా ముక్కలన్నిటినీ కలిపి, చాప్టర్లతో సహా ఎంకేవీ అనే రకం ఫైలు ఒక్కదానిలో పెట్టడం. మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ ఈ పని నిమిషాల్లో చేస్తుంది. నాణ్యత అణువంతైనా తగ్గదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాధనం కూడా 7.0 వెర్షన్ నుంచి డీవీడీని ఐఎఫ్ఓల ప్రకారం చదవగలుగుతోంది.

అయితే రీమక్స్ చేసిన ఫైలు లోపల ఉండేది డీవీడీల పాత కుదింపు పద్ధతి అయిన ఎంపెగ్-2 వీడియోనే. టీవీలకు ఎంపెగ్-2 కొత్త కాదు, డీడీ ఫ్రీ డిష్‌లో ఇప్పటికీ చాలా ఛానళ్లు అందులోనే వస్తాయి. ఫోన్లు, బ్రౌజర్లు, కొన్ని చౌక టీవీ స్టిక్కులు మాత్రం దాన్ని ఆడించలేవు. అప్పుడు సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపాలి. ఇక్కడ పెట్టింది ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న చిన్న పీసీ, మీద జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్. ఆ ప్రాసెసర్‌లో వీడియో మార్చడానికే ఉన్న క్విక్ సింక్ అనే భాగం ఎస్‌డీ (డీవీడీ స్థాయి) వీడియోను ఏ ఇబ్బందీ లేకుండా మారుస్తుంది. కాబట్టి కోడెక్, అంటే వీడియోను కుదించిన పద్ధతి, అసలు సమస్య కాదు. సమస్య ఇంటర్లేసింగ్‌తో. టీవీ ట్యూనర్‌లో వచ్చే ఇంటర్లేస్డ్ సిగ్నల్‌ను టీవీ చక్కగా సరిచేస్తుంది. అదే టీవీలో యాప్ ద్వారా వచ్చే ఇంటర్లేస్డ్ ఫైలును చాలాసార్లు సరిచేయదు, గీతలు గీతలుగానే వదిలేస్తుంది.

దీంతో విభజన తేలికైంది. ప్రోగ్రెసివ్‌గా (ఫీల్డులు కాకుండా నిండు ఫ్రేములుగా) ఉన్నవాటిని రీమక్స్ చేసి వదిలేయడం, నిజంగా ఇంటర్లేస్డ్ అయినవాటిని మాత్రమే ఎన్‌కోడ్ చేయడం, అంటే కొత్తగా కుదించి రాయడం. ఏది ఏదో తేల్చడమే అసలు పని.

సినిమాల కుప్ప

ఇక్కడ ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫో చెప్పే మాటను నమ్మకూడదు. పాల్ సినిమా డీవీడీల్లో చాలావాటి మీద ఇంటర్లేస్డ్ అనే రాసి ఉంటుంది, లోపల మాత్రం నిండు ఫ్రేములే ఉంటాయి. వాటిని డీఇంటర్లేస్ చేస్తే, అంటే ఫీల్డులను విడదీసి గీతలు తీసే ఫిల్టర్ వేస్తే, ఊరికే మసకబారతాయి. నేను చేసేది ఇది: వీఎల్‌సీలో డీఇంటర్లేస్ ఆఫ్ చేసి, ఎవరైనా పరిగెత్తే చోటో, డాన్స్ చేసే చోటో ఆపి, ఒక్కో ఫ్రేమే ముందుకు జరిపి చూడటం. గీతలు అసలు లేకపోతే ప్రోగ్రెసివ్. మూడు ఫ్రేములు శుభ్రంగా, రెండు గీతలతో, ఈ వరస మళ్లీ మళ్లీ వస్తే అది ఎన్‌టీఎస్‌సీ టెలిసినీ. 24 ఫ్రేముల సినిమాను 30కి సరిపెట్టడానికి కొన్ని ఫీల్డులను రెండోసారి వాడినది. హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో డీటెలిసినీ పెడితే మళ్లీ అసలు ఫ్రేములు, సెకనుకు 23.976 చొప్పున, పూర్తిగా వెనక్కి వస్తాయి. కదలిక ఉన్న ప్రతి ఫ్రేములోనూ గీతలుంటే, ఫీల్డులు ఒక అడుగు పక్కకు జరిగిన పాల్ డిస్కు అయినా కావాలి, నిజమైన ఇంటర్లేస్డ్ అయినా కావాలి. మొదటిదైతే ఫీల్డులను సరైన జతతో కలిపే ఫిల్టర్ నష్టం లేకుండా బాగుచేస్తుంది.

బాగుపడని రకం ఒకటుంది. పాల్ మాస్టర్ నుంచి ఎన్‌టీఎస్‌సీకి మార్చేటప్పుడు పక్కపక్క ఫీల్డులను కలిపేసినవి. ఆపి చూస్తే ఒకే చెయ్యి రెండుగా, నీడలా కనిపిస్తుంది. మన పాత సినిమాల డిస్కుల్లో ఇవి తక్కువేమీ కాదు. డీటెలిసినీ వీటి మీద పనిచేయదు. వీటిని ఫీల్డుకొక ఫ్రేమ్ చొప్పున సెకనుకు 59.94 ఫ్రేములుగా విడదీసి ఎన్‌కోడ్ చేశాను. నీడ పోదు గానీ కదలిక సాఫీగా ఉంటుంది. మూలం ఫోల్డర్లను అలాగే ఉంచాను.

ఇంకో బాధ లెటర్‌బాక్స్. చాలా డిస్కుల్లో సినిమాస్కోప్ బొమ్మను 4:3 ఫ్రేములో పైనా కిందా నల్ల పట్టీలతో పెట్టారు. నేటి వెడల్పు టీవీలో దానికి నాలుగు పక్కలా నలుపే. 480 గీతల్లో బొమ్మకు మిగిలేది 270 చిల్లర. ఇలాంటివాటిని మాత్రం పట్టీలు కత్తిరించి మళ్లీ ఎన్‌కోడ్ చేయడమే మేలు. ఆటోమేటిక్ క్రాప్‌ను గుడ్డిగా వదలకూడదు. కింది పట్టీ మీద కంపెనీ లోగో కూర్చుంటే సాఫ్ట్‌వేర్ దాన్ని బొమ్మ అనుకుంటుంది. చీకటి సీన్లు ఎక్కువైతే బొమ్మలో కొంత కోసేస్తుంది. అంకెలు నేనే ఇచ్చాను.

పాటల విషయానికి మాస్టారు పట్టుబట్టారు. ఆయన హార్మోనియం వాయిస్తారు. "ఈ డిస్కుల్లో పాటలు కాసెట్టులో విన్న శ్రుతిలో ఉండవు, చూసుకున్నావా?" అని అడిగారు. ఆయన చెవి నూటికి నూరుపాళ్లు సరైనదే. 24 ఫ్రేముల సినిమాను పాల్ కోసం 25 ఫ్రేముల వేగంతో నడిపితే అంతా 4 శాతం తొందరగా సాగుతుంది. నూటయాభై నిమిషాల సినిమా నూటనలభై నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. శ్రుతి పైకెక్కుతుంది. ఒకటిలో ఉన్న పాట ఒకటిన్నరకు దగ్గరగా పోతుంది. ఎంకేవీలో వీడియో వేగాన్ని తిరిగి 24కి దించడానికి ఎన్‌కోడింగ్ అక్కర్లేదు, టైమింగ్ మారిస్తే చాలు. ఆడియోను మాత్రం అదే నిష్పత్తిలో నెమ్మదింపజేసి మళ్లీ రాయాలి: 48,000 హెర్ట్జ్ శాంపిళ్లను 46,080 అన్నట్టుగా చదివించి తిరిగి 48,000కి మార్చడం. మాస్టారు ఎంచిన పాత సినిమాలకు ఈ పని చేశాం. ముందూ తర్వాతా రెండు ఫైళ్లూ హార్మోనియం పక్కన పెట్టుకుని, ఆయన సరేనన్నాకే ఒక్కోదాన్ని సర్వర్‌లోకి పంపాను.

సబ్‌టైటిళ్లు మనవలకు కావాలి. డీవీడీలో అవి అక్షరాలుగా ఉండవు, నాలుగు రంగుల బొమ్మలుగా ఉంటాయి. చాలా పరికరాలు ఆ బొమ్మలను చూపలేవు గనక సర్వర్ వాటిని వీడియో మీద అచ్చేసి పంపాలి, అంటే వీడియో మొత్తాన్నీ అప్పటికప్పుడు మళ్లీ ఎన్‌కోడ్ చేయాలి. సబ్‌టైటిల్ ఎడిట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆ బొమ్మల్లోని ఇంగ్లీషును అక్షరాలుగా గుర్తింపజేసి, తప్పులు దిద్ది, ఎస్ఆర్‌టీ అనే అక్షరాల ఫైళ్లుగా పెట్టాం. వేగం మార్చిన సినిమాలకు సబ్‌టైటిల్ టైమింగ్‌ను కూడా అదే నిష్పత్తిలో సాగదీయాలి. లేకపోతే క్లైమాక్సుకొచ్చేసరికి ఆరు నిమిషాల తేడా వస్తుంది.

పెళ్లి వీడియోలు

ఈ పనిలో నేను ఎక్కువ సమయం పెట్టింది వీటి మీదే. సినిమా పోతే ఇంకోచోట దొరుకుతుంది. పెళ్లి వీడియోకు ఈ డిస్కు తప్ప వేరే కాపీ లేదు. టేపు వీడియోగ్రాఫర్ దగ్గర ఎప్పుడో చెరిగిపోయి ఉంటుంది. డిస్కు కూడా ఫ్యాక్టరీలో అచ్చేసినది కాదు, రంగు పొర మీద లేజరుతో రాసిన డీవీడీ-ఆర్. ఆ పొర ఏళ్లు గడిచేకొద్దీ చెడుతుంది. మేనల్లుడి కాపీలో కొన్ని మధ్యలోనే తెగి ఉన్నాయి. వాటి డిస్కులు వెతికి తీసి, చెడిన డిస్కుల నుంచి డేటా తీసే డీడీరెస్క్యూ అనే సాధనంతో చదివించాను. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ తీసేసుకుని, మొండికేసిన సెక్టర్ల (డిస్కులోని చిన్న ముక్కల) దగ్గరికి తర్వాత వస్తుంది. ఎక్కడెక్కడ ఆగిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి డిస్కును ఇంకో డ్రైవులో పెట్టి అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఒక డ్రైవుకు అందని సెక్టర్లు మరో డ్రైవుకు అందడం చాలాసార్లు జరుగుతుంది.

ఇవి కెమెరాతో సెకనుకు 50 ఫీల్డులుగా తీసినవి, అసలు సిసలు ఇంటర్లేస్డ్. మామూలుగా డీఇంటర్లేస్ చేస్తే రెండు ఫీల్డులకు ఒక ఫ్రేమ్ చొప్పున 25 ఫ్రేములు మిగులుతాయి, సగం కదలిక పోతుంది. హ్యాండ్‌బ్రేక్‌లో బాబ్ అనే సెట్టింగు ఎంచుకుంటే ఫీల్డుకొక ఫ్రేమ్ చొప్పున 50 ఫ్రేములు వస్తాయి. పాత ట్యూబు టీవీలో పెళ్లి వీడియో చూసినప్పటి ఆ సజీవమైన కదలిక తిరిగొచ్చేది ఇలా చేస్తేనే. వాడింది ఎక్స్264 అనే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్, స్థిర నాణ్యత 18, ప్రీసెట్ స్లో. క్విక్ సింక్ వాడలేదు. అది అప్పటికప్పుడు మార్చడానికి మంచిది, కలకాలం దాచుకునే ఫైలుకు సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడరే మేలు. రాత్రుళ్లు నడవనిచ్చాం.

పెద్దమ్మాయి పెళ్లి దగ్గర ఒక చిక్కు వచ్చింది. తలంబ్రాల ఘట్టం. బాబ్ చేసిన ఫైలులో బియ్యం దోసిట్లోంచి లేచి, ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు వణుకుతూ పోతున్నాయి. నిలబడి ఉన్న పంతులుగారు బాగానే ఉన్నారు. కదిలినవే వణుకుతున్నాయి. ఇది ఫీల్డుల వరస తారుమారైన లక్షణం. వీడియో కెమెరాల మినీడీవీ టేపులో కింది ఫీల్డు ముందు వస్తుంది, పాల్ డీవీడీల్లో సాధారణంగా పై ఫీల్డు ముందు. మిక్సింగ్ చేసేటప్పుడు వరస మార్చకుండా గుర్తు మాత్రం పై ఫీల్డు ముందని వేశారు. ఫిల్టరుకు కింది ఫీల్డు ముందని నేరుగా చెప్పి మళ్లీ నడిపితే బియ్యం ఒకే ధారగా పడ్డాయి. అదే డిస్కులో మిక్సింగ్‌లో కలిపిన టైటిళ్లు, పూల గ్రాఫిక్కులు మాత్రం పై ఫీల్డు వరసలో ఉన్నాయి. ఆ భాగాన్ని విడిగా ఎన్‌కోడ్ చేసి ఎంకేవీటూల్‌నిక్స్ అనే సాధనంతో అతికించాను.

వీహెచ్ఎస్ నుంచి డీవీడీకి ఎక్కించిన పాత పెళ్లిళ్లకు అడుగున కొన్ని గీతలు చిరిగినట్టు ఊగుతుంటాయి. ట్యూబు టీవీలో అవి అంచు వెనక దాగేవి, ఇప్పుడు కనిపిస్తాయి. అంతమేరకు కత్తిరించి, బొమ్మలోని గరుకును తగ్గించే ఎన్ఎల్‌మీన్స్ ఫిల్టర్‌ను తేలిగ్గా వేశాను. గట్టిగా వేస్తే పట్టుచీర జరీ మైనంలా కరిగిపోతుంది. ఆడియో కొన్నిట్లో అసలు కుదించని ఎల్‌పీసీఎం. దాన్ని నష్టం లేని ఫ్లాక్‌గా మార్చి, ఫోన్ల కోసం పక్కన ఒక ఏఏసీ ట్రాకు పెట్టాను.

చాప్టర్ల పని అమ్మగారితో కూర్చుని చేశాను. డిస్కులో చాప్టర్లు ఐదేసి నిమిషాలకు గుడ్డిగా వేసి ఉన్నాయి. అవన్నీ తీసేసి స్నాతకం, జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు, భోజనాలు, అప్పగింతలు అని తెలుగులోనే పేర్లు పెట్టాం. ఎంకేవీ తెలుగు అక్షరాలను ఇబ్బంది లేకుండా తీసుకుంటుంది. "భోజనాల దగ్గర మా అన్నయ్య వడ్డిస్తుంటాడు, అక్కడ ఒకటి పెట్టవా" అన్నారావిడ. రెండో బంతిలో, పులిహోర బేసిన్ చేతిలో పట్టుకుని వచ్చే చోట 'అన్నయ్య' అని ఒక చాప్టర్ పెట్టాం. రిమోట్‌లో చాప్టర్ల జాబితా తెరవగానే అది కనిపిస్తుంది.

వీసీడీల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 352×288 ఎంపెగ్-1, పేరు చివర .DAT అని ఉండే ఫైళ్లు. పైన ఉన్న సీడీ చుట్టును తీసేసి ఎంకేవీలో పెట్టాం. వాటిని తిరిగి ఎన్‌కోడ్ చేస్తే ఉన్న కాస్తా పోతుంది.

సర్వర్‌లో అమరిక

సినిమాలకు ఫోల్డర్ పేరులో సంవత్సరం తప్పనిసరి. మన దగ్గర ఒకే పేరుతో సినిమాలు చాలా ఉన్నాయి. దేవదాసు అంటే 1953దీ ఉంది, 1974దీ ఉంది, 2006దీ ఉంది. సంవత్సరం లేకపోతే జెల్లీఫిన్ ఒకదాని పోస్టరు ఇంకోదానికి తగిలిస్తుంది. కుటుంబ వీడియోలను సినిమాల లైబ్రరీలో పెట్టకుండా హోమ్ వీడియోల రకంగా విడి లైబ్రరీ చేసి, ఇంటర్నెట్ నుంచి సమాచారం తెచ్చుకునే సౌకర్యాన్ని ఆపేశాం.

అబ్బాయి, అమ్మాయి బయటి నుంచి చూడటానికి కుటుంబ లైబ్రరీ ఒక్కటే తెరిచాం. సినిమాల లైబ్రరీ ఇంట్లోని టీవీలకే. కొన్న డిస్కును సొంతింట్లో చూసుకోవడం వేరు, బయటికి పంచడం వేరు. కాపీరైటు చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో డిస్కు రక్షణను ఛేదించడాన్ని నేరంగా చెప్తుంది. ఈ గీత దాటకుండా ఉండాలని మాస్టారికి ముందే చెప్పాను, ఆయనా అదే కోరుకున్నారు. ఇంటి కనెక్షన్‌కు బయటి నుంచి నేరుగా చేరగల సొంత పబ్లిక్ ఐపీ లేదు గనక టెయిల్‌స్కేల్ అనే ప్రైవేటు నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌తో కలిపాం. డీవీడీ ఎంపెగ్-2 బిట్‌రేట్ గరిష్ఠంగా సెకనుకు 9.8 మెగాబిట్ల దాకా పోతుంది. బయటికి పంపేవన్నీ ఎక్స్264గా మార్చిన కుటుంబ వీడియోలే కావడంతో అప్‌లోడ్ మీద ఆ భారం పడలేదు.

పెళ్లి డిస్కుల పూర్తి ఐఎస్ఓలు (డిస్కు మొత్తాన్నీ ఉన్నదున్నట్టు దించిన ఫైళ్లు), వాటి షా-256 చెక్‌సమ్‌లతో (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే సంఖ్యలు), సర్వర్‌లో ఒకటి, బీరువాలో విడి డ్రైవులో ఒకటి, అమ్మాయి దగ్గర ఒకటి ఉన్నాయి. బీరువాలోని డ్రైవును ఏడాదికోసారి తగిలించి చెక్‌సమ్‌లు సరిచూడటానికి ఒక చిన్న స్క్రిప్టు రాసి, ఎలా నడపాలో తెలుగులో ఒక కాగితం మీద రాసి డ్రైవు పెట్టెలోనే పెట్టాను. డీడీరెస్క్యూకు కూడా పూర్తిగా లొంగని డిస్కులు కొన్ని మిగిలాయి. వాటి మ్యాప్ ఫైళ్లు భద్రంగా ఉన్నాయి, వేరే డ్రైవు దొరికినప్పుడు ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెడతాం.